మూడు కొటేషన్లు

సెప్టెంబరు ఇరవై నాలుగో తారీకు, శనివారం. ఆ తేదీని ప్రేమ్‌సింగ్ మరిచిపోలేడు. ఆ మధ్యాహ్నం అతను జనగామ చౌరస్తాలో, నడిరోడ్డు మీద పరిచిన జంపఖానా మీద కూచుని టమాట పప్పూ అన్నమూ తిన్నాడు. నంజుకోవడానికి పచ్చి ఉల్లిగడ్డ.

సకల జనుల సమ్మె రెండో వారంలో పడింది. బస్సులు డిపోలు దాటడం లేదు, రైళ్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి, ఆఫీసులకు తాళాలు. ఉద్యోగులంతా రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వండుకుని తినడం ఆనాటి కార్యక్రమం. అటెండర్లు వడ్డిస్తుంటే ఆఫీసర్లు విస్తళ్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. రెండోసారి పప్పు వేయించుకుంటుండగా ప్రేమ్‌సింగ్ ఫోను మోగింది. దవాఖాన నుంచి నర్సు.

"జర జల్ది రండ్రి సార్. డాక్టర్ సార్ మాట్లాడుతడట."

అతను వెంటనే లేవలేదు. విస్తట్లో మిగిలిన అన్నం కలుపుకుని, నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నం పారేయడం తప్పని ఆ క్షణంలో అనుకున్నాడు. తర్వాత చాలా రోజులు ఆ నాలుగు ముద్దలు గొంతులో అడ్డం పడుతూనే ఉన్నాయి.

డాక్టరు నిలబడే మాట్లాడాడు. "పెద్దామె. కిడ్నీలు పనిచేస్తలేవు. వరంగల్ తీస్కపోయి మిషన్ మీద పెట్టిస్తమంటె మీ ఇష్టం. నన్నడిగితె ఇంటికి తీస్కపోండ్రి. ఇయ్యాల్నో రేపో."

అతని తల్లి తుల్సీబాయి మంచం కిటికీ పక్కన ఉంది. కంటి ఆపరేషన్ కోసం కొత్తగూడ దగ్గరి తండా నుంచి కొడుకు ఇంటికొచ్చి, ఆపరేషన్ కాకముందే జ్వరంతో పడిపోయింది. కళ్లు మూసుకుని ఉంది. చేతుల మీది పచ్చబొట్లు ముడతల్లో చిక్కి, ఎండిన కాలువల్లా కనిపిస్తున్నాయి. తెలివి ఉన్న రోజు ఆమె కొడుకును ఒక్కటే అడిగింది. "నన్ను ఈడ కాల్చకు బేటా. మన తండాల, మీ బాపు పక్కన." ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ, తల్లిని పిలిచేది యాడీ అని. ఆ భాషలో ఆ మాట ఇంకా చిన్నది, ఇంకా సూటిది.

ప్రేమ్‌సింగ్ ఆఫీసులో కొనుగోళ్ల సీటు చూస్తాడు. కుర్చీ కొనాలన్నా, బీరువా కొనాలన్నా, గోడకు సున్నం వేయించాలన్నా మూడు చోట్ల నుంచి కొటేషన్లు తెప్పించాలి, తక్కువ చెప్పినవాడికి ఇవ్వాలి. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. భార్య కవిత పోయినప్పుడు మాత్రం ఏదీ అడగకుండా, ఎవరెంతంటే అంత చేతిలో పెట్టాడు. తర్వాత బంధువులంతా ‘ముంచారు నిన్ను’ అని నవ్వారు. ఈసారి అలా కాకూడదనుకున్నాడు. డబ్బు లేక కాదు. జీతం ఆగినా, ప్లాటు కిస్తుకని దాచింది బ్యాంకులో ఉంది. దాని జోలికి పోకుండా ఈ పని ఎట్లా గట్టెక్కుతుందా అని, మంచం పక్కన నిలబడే లెక్క వేసుకున్నాడు.

బయట, సరిగ్గా ఆ కిటికీ కిందే, అంబులెన్సు ఆగి ఉంది. దాని యజమానీ డ్రైవరూ సంజీవ అనే కుర్రాడే. చక్రం మీద కాలు పెట్టి పల్లీలు తింటున్నాడు.

"తమ్మీ, కొత్తగూడ అవతల తండా దాక రావాలె. ఎంత తీసుకుంటవ్?"

"పేషెంటా, బాడీయా?"

ప్రేమ్‌సింగ్‌కు వెంటనే అర్థం కాలేదు.

"మనిషి సార్. ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది."

"పేషెంటైతే మూడున్నర వేలు. బాడీ అయితే ఎనిమిది."

"అదే బండి, అదే తొవ్వ గద తమ్మీ! గంత ఫరకేంది?"

"బండి గదే సార్. మల్ల దాన్ని కడగాలె. వచ్చేటప్పుడు ఒక్కడు గూడ ఎక్కడు. నేను తానం చేసేదాక మా ఆమె లోపటికి రానియ్యది. ఇగ సమ్మెల డీజిల్ దొరుకుడే కష్టం." సంజీవ పల్లీల పొట్టు ఊదేసి, గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్త, తప్పుగ అనుకోకుండ్రి. ఊపిరి ఉండంగనే ఎక్కియ్యిండ్రి. తెలిసినోళ్లంత గట్లనే చేస్తున్నరు. సగానికంటె ఎక్కువ మిగులుతది."

ప్రేమ్‌సింగ్ అక్కడితో ఆగి ఉండవలసింది. కానీ షరతులన్నీ ముందే తేల్చుకోవడం అతనికి అలవాటు.

"మరి దారిల ఏమన్న అయితే?"

"బాడీ రేటే సార్. ఎక్కేటప్పుడు గాదు, దిగేటప్పుడు చూస్త."

కిటికీ ఊచల వెనక ఆకుపచ్చ పరదా కదిలింది. గాలికే కావచ్చు. ప్రేమ్‌సింగ్ గొంతు సవరించుకుని, రేపు పొద్దున చెప్తానని వచ్చేశాడు.

అది ఒక కొటేషన్. రెండోది, అసలు కదిలించకుండా జనగామలోనే కానిస్తే ఎంతవుతుందన్నది. శ్మశానం గేటు పక్కన కట్టెల అడితి ఉంది. కనకలక్ష్మి అనే ఆమె నడుపుతుంది. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు చుట్టి, కాంటా పక్కన పీట మీద కూచుని ఉంది. వెనక తుమ్మ మొద్దులు, మామిడి చెక్కలు వేరువేరుగా పేర్చి, వాన పడకుండా పైన రేకులు కప్పారు.

"ఎవరు పోయిండ్రు సారూ?"

"మాకు తెల్సినామె." ఆ అబద్ధం ఎందుకాడాడో అతనికే తెలియదు.

"ముసలామెనా? ఎత్తెంత ఉంటది?"

ప్రేమ్‌సింగ్ అరచేతిని తన రొమ్ము దాకా ఎత్తి చూపించాడు. చిన్నపిల్లలు ఎంత ఎదిగారో చూపించేటప్పుడు చెయ్యి అలాగే పెడతారు. చెయ్యి అక్కడ ఉండగానే అది గుర్తొచ్చి, దించి జేబులో పెట్టుకున్నాడు.

"లావా, సన్నమా?"

"సన్నం."

"అయితే నాలుగు క్వింటాళ్లు చాలు. తుమ్మ అయితే మంచిగ మండుతది, రేటు ఎక్కువ. మామిడి తక్కువకొస్తది గని పొగ. నెయ్యి, చక్కెర, గంధపుపొట్టు, కుండ అన్ని కలిపి తీసుకుంటె కొంచెం తగ్గిస్త." ఆమె లేచి కాంటా గొలుసు సరిచేసింది. "ఎప్పుడు లేపుతుండ్రు?"

అతను మాట్లాడలేదు.

"పొద్దుగూకేలోపట్నా, రేపా? ఏదో ఒకటి చెప్పాలె గద, మనుషులను పెట్టుకోవాలె నేను."

అతను తుమ్మ మొద్దుల వైపు చూపు తిప్పాడు. కనకలక్ష్మి గొలుసు వదిలేసి అతని ముఖంలోకి చూసింది.

"సారూ, ఇంక పానం ఉన్నదా ఆమెకు?"

"సమ్మె గదమ్మా. బండ్లు దొరుకుతలేవు, ఏవీ దొరుకుతలేవు. ముందుగాల తెల్సుకొని పెట్టుకుందమని..."

"పానమున్నోళ్లకు నేను కట్టె తూయ. మా అత్త గూడ తూయలె." ఆమె గొంతులో కోపం లేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఖాళీ కాంటా పళ్లెం మీద చల్లింది. అతను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక పిలిచింది. "ఇగో నాయినా. తొట్టిల నీళ్లున్నయి, కాళ్లు కడుక్కొని పో. గిట్లనే ఆమె కాడికి పోవద్దు. మీ అవ్వేనా?"

అతను తల ఊపాడు. కాళ్లు కడుక్కున్నాడు. ఆమె ఇంకేం అడగలేదు. అడగకపోవడం దయ అని అతనికి తెలిసింది. దానివల్లే మరింత తల ఎత్తలేకపోయాడు.

తమ్ముడు భిక్షం భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేస్తాడు. అక్కడా సమ్మే. ఫోను ఎత్తగానే గోల వినిపించింది, టెంట్ దగ్గర ఉన్నట్టున్నాడు.

"డాక్టర్ ఇయ్యాల్నో రేపో అన్నడురా."

భిక్షం గోలకు దూరంగా నడిచినట్టున్నాడు. తర్వాత, "అన్నా, ఈడికి తెస్తె ఎట్లుంటది? గనోళ్ల శ్మశానం ఉన్నది. మా సంఘపోళ్లు చెప్తె కట్టె సగానికే ఇస్తరు," అన్నాడు.

"జనగామ నుంచి ఆడికి బండి కిరాయి కలుపుకుంటె ఒకటే అయితది."

"అయితె జనగామలనే కానియ్యి."

"తండాల గావాలన్నదిరా యాడీ."

"అన్నదే. మనకు జీతాలు వచ్చేటప్పుడు అన్నది." ఆ మాట అన్నాక భిక్షానికే బాధ కలిగినట్టుంది. గొంతు మార్చాడు. "ఫ్రీజర్ పెట్టె గావాలంటె మానుకోటల దొరుకుతదట. రోజుకింత అని. అడిగి పెట్టిన."

"ఎప్పుడడిగినవ్?"

"మొన్న."

ప్రేమ్‌సింగ్ ఫోను పెట్టేశాడు.

ఇక మూడోది తండా. అక్క చంద్రి భర్త పోయాక తల్లి ఇంట్లోనే ఉండి పోడు చేసుకుంటోంది. తండాలో ఫోను పలకాలంటే చేను గట్టు మీది రాయి ఎక్కాలి. సాయంత్రం పూట ఆమె ఎక్కుతుందని తెలిసి, ఆ వేళకు చేశాడు.

"అక్కా, బాగున్నవా? యాడీకి మంచిగ లేదు. ఒకటి చెప్పు. మన దగ్గర కట్టెకు ఇప్పుడు ఎంతైతది? ఎవరితోనన్న కొట్టించాల్నా, మనమే తెచ్చుకోవచ్చునా?"

అవతల నుంచి సన్నగా, పొడుగ్గా ఒక ఏడుపు. "యాడీ! ఓ యాడీ!" మధ్యలోనే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే పలకలేదు.

కట్టె గురించి అడిగాడంటే మనిషి పోయిందనే అక్క అర్థం చేసుకుందని అతనికి తెలిసింది. తండాలో బతికున్న మనిషి గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఉంటే దొరికేదేమో. రెండుసార్లు చేసి మానేశాడు. ఎట్లాగూ రేపటికి నిజమయ్యేదే కదా అనుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆమెకు ఊపిరి ఉంది. ప్రేమ్‌సింగ్ కాగితాల మీద సంతకాలు పెట్టాడు. నర్సు సెలైన్ సూది తీసి, ఆ చోట దూది అదిమి, ఆమె చేతిని తన చేతిలో కాసేపు ఉంచుకుంది. సంజీవ స్ట్రెచర్ ఒక పక్క పట్టుకుని, తుల్సీబాయి తల ద్వారబంధానికి తగలకుండా తన మోచెయ్యి అడ్డం పెట్టాడు. చెక్కకు అతని మోచెయ్యి గీసుకుపోయింది. ఎనిమిది వేలన్న నోరూ, ఈ మోచెయ్యీ ఒక్క మనిషివే.

వరంగల్ దాటే దాకా రోడ్డు ఖాళీగా ఉంది. ప్రేమ్‌సింగ్ వెనక తల్లి పక్కన చిన్న బల్ల మీద కూచున్నాడు. ఆమె రొమ్ము మీద దుప్పటి లేచి పడుతుందా లేదా అని చూస్తూనే ఉన్నాడు. పడ్డాక మళ్లీ లేవడానికి ఒక్కోసారి చాలాసేపు పట్టేది. అప్పుడు అతని ఊపిరి కూడా ఆగేది.

"సార్, ఉన్నదా?" ముందు నుంచి సంజీవ అడిగాడు.

"ఉన్నది."

కొంత దూరం పోయాక మళ్లీ. "సార్, ఉన్నదా?"

"ఉన్నది తమ్మీ."

అలా అడుగుతున్నప్పుడు సంజీవ గొంతులో ఆత్రం ఉంది, లెక్కా ఉంది. జవాబు చెబుతున్నప్పుడు తన గొంతులోనూ ఆ రెండూ ఉన్నాయని ప్రేమ్‌సింగ్‌కు వినిపించింది. తాను చూస్తున్నది తల్లి ఊపిరినా, కిరాయినా? దుప్పటి లేచిన ప్రతిసారీ కలిగే ఊరటలో కొడుకు ఊరట ఎంత, కొనుగోళ్ల గుమాస్తా ఊరట ఎంత? విడదీద్దామని చూశాడు. విడిపోలేదు.

నర్సంపేట పొలిమేరలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా బల్లలు, కాలిన టైర్లు. అంబులెన్సును చూడగానే యువకులు బల్లలు జరిపారు. "పేషెంటున్నది, జరుగుండ్రి! జరుగుండ్రి!" అని కేకలు. టెంట్‌లో నుంచి ఒక పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని పరుగున వచ్చి, వెనక తలుపు తీయించి, తుల్సీబాయి పెదవులు తడిపింది.

"ఏ ఊరు అవ్వది?"

"కొత్తగూడ అవతల తండా."

"ఇంటికి పోతున్నవా అవ్వా?" అని ఆమె ముఖం మీదికి వంగి అడిగింది. తుల్సీబాయి కనురెప్పలు కదిలాయి. పెద్దావిడ మురిసిపోయి ప్రేమ్‌సింగ్ వైపు తిరిగింది. "కొడుకంటె నువ్వు బిడ్డా! ఈ రోజులల్ల ఎవరు తెస్తుండ్రు? దవాఖానలనే ఇడిచిపెడ్తుండ్రు. నీ కడుపు సల్లగుండ."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా అతన్ని గౌరవంగా చూశారు. ఒకాయన నమస్కారం పెట్టాడు. ప్రేమ్‌సింగ్ తిరిగి నమస్కారం పెట్టలేకపోయాడు. తల్లి దుప్పటి సరిచేస్తున్నట్టు వంగాడు. ముందు సీట్లో సంజీవ అద్దంలో అతన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. అక్కడి నుంచి ఇల్లు చేరే దాకా మళ్లీ ‘ఉన్నదా’ అని అడగలేదు.

పాఖాల అడవి దాటాక రోడ్డు సన్నబడింది. వాన పడి వెలిసిన ఆకుల వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది.

తండా మొదట్లో ఎవరూ లేరు. అంతా చంద్రి ఇంటి ముందు ఉన్నారు. అంబులెన్సు ఆగీ ఆగకముందే ఆడవాళ్ల ఏడుపు లేచింది. ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, తల్లిని తలచుకుంటూ రాగం తీసి ఏడ్చే ఏడుపు. దాని వెనక ప్రేమ్‌సింగ్‌కు కనిపించింది, ఇంటి గోడ పొడుగునా కట్టెలు. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి వంకర, ఒకటి పొట్టి. తండాలో చావైతే ఇంటికో కట్టె తెస్తారు. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు, ధర అన్న మాటే రాదు. నిన్న సాయంత్రం చంద్రి రాయి దిగి వచ్చి చెప్పగానే తెచ్చి పెట్టారు.

సంజీవ తలుపు తీశాడు. చంద్రి తల కొట్టుకుంటూ ముందుకు ఉరికి, తల్లి కాళ్లు పట్టుకుని, ఆగిపోయింది. మళ్లీ పట్టుకుని చూసింది.

"యెచ్చగున్నయి," అంది. "కాళ్లు యెచ్చగున్నయి!"

ఏడుపు ఒక్కొక్కరి గొంతులో ఒక్కో చోట ఆగింది. ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. తండా నాయక్ దేవ్యా, తలకు పాత తువ్వాలు చుట్టిన ముసలాయన, కర్ర పట్టుకుని ముందుకొచ్చి తొంగి చూశాడు. తుల్సీబాయి సగం కళ్లు తెరిచింది. ఆ చూపు దేవ్యాను దాటి గోడ పక్కన కట్టెల మీదికి పోయి, అక్కడ చాలాసేపు నిలిచింది.

"వదినా," అన్నాడు దేవ్యా, "మేం నీ కంటె తొందరపడ్డం. తప్పయింది."

ఆమెను లోపలికి చేర్చాక ప్రేమ్‌సింగ్ బయటికొచ్చి సంజీవ చేతిలో డబ్బు పెట్టాడు. మొత్తం ఎనిమిది వేలు. సంజీవ అక్కడే లెక్కపెట్టి మూడున్నర ఉంచుకుని మిగిలింది తిరిగి ఇచ్చాడు.

"ఉంచుకో తమ్మీ."

"పేషెంటునే తెచ్చిన సార్. నా రేటు గదే." చంద్రి తెచ్చిన చాయ్ నిలబడి తాగి, గీసుకుపోయిన మోచెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. నాలుగున్నర వేలు ప్రేమ్‌సింగ్ చొక్కా జేబులో మిగిలాయి. జేబు ఉబ్బి కనిపిస్తుందేమోనని పైన చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

పొద్దువాలే వేళకు భిక్షం మోటారు సైకిల్ మీద వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, దారంతా ఏడ్చినట్టున్నాడు. గుడిసెలోకి అడుగుపెట్టేసరికి తల్లి తల ఎత్తిపట్టి చంద్రి అంబలి తాగిస్తోంది. భిక్షం చేతిలో సంచి వెనక్కి దాచుకున్నాడు.

"ఎవరు, భిక్షమా?" తుల్సీబాయి గొంతు సన్నగా ఉన్నా తేటగానే ఉంది. "ఆ సంచిల ఏందిరా?"

"బట్ట యాడీ."

"ఎవరికి?"

భిక్షం అన్న వైపు చూశాడు. అన్న నేల చూశాడు.

"నీకే."

"ఇటియ్యి." ఆమె ఆ ఎర్రబట్టను వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచిగున్నది. లంగా కుట్టించుకుంట. ఎంత పడ్డది?"

"ఆడ అగ్గువకే దొరికింది యాడీ," అని భిక్షం ఇంటి వెనక్కి వెళ్లాడు. అతను ముక్కు చీదుకోవడం లోపలి వాళ్లకు వినిపించింది.

సోమవారం ఆమె దిండుకు ఆనుకుని కూచుంది. ఎట్లా కోలుకుంటోందో ఎవరికీ అర్థం కాలేదు. చంద్రి అంబలి అంది, దేవ్యా అడవి గాలి అన్నాడు. కొన్నాళ్లో, కొన్ని నెలలో, ఎవరు చెప్పగలరు? తండావాళ్లు వచ్చి పలకరించి పోతున్నారు. వచ్చిన ప్రతివాళ్లూ కట్టెల పక్కనుంచే రావాలి, వాటిని చూడనట్టు రావాలి. చావు ఇంటికి తెచ్చిన కట్టెను మళ్లీ ఇంటికి మోసుకుపోరు, పొయ్యిలో పెట్టరు. అందుకని అవి అక్కడే ఉన్నాయి. ప్రేమ్‌సింగ్ ప్లాస్టిక్ పట్టా తెచ్చి కప్పబోయాడు.

"ఎందుకు కప్పుతున్నవ్?" అన్నాడు దేవ్యా. "తడుస్తయనా, కనబడతయనా?"

ప్రేమ్‌సింగ్ పట్టా మడిచి కింద పెట్టాడు.

"తండాల అన్ని ఇండ్లవి వచ్చినయి. మొగడు లేని చంద్రి గూడ చేన్లనుంచి మోసుకొచ్చింది." దేవ్యా కర్రతో ఒక్కొక్క కట్టె మీద తట్టుకుంటూ పోయి చివర ఆగాడు. "మరి కొడుకువు, మీ ఇంటిదేదిరా?"

కొట్టినట్టు అడగలేదు. నిజంగానే, పొరపాటున ఎక్కడైనా కింద పడిందేమోనని వెతుకుతున్నట్టే అడిగాడు. ప్రేమ్‌సింగ్ దగ్గర జనగామ తుమ్మ ధర ఉంది, భూపాలపల్లి సగం ధర ఉంది, మానుకోట పెట్టె కిరాయి ఉంది. కట్టె లేదు.

మంగళవారం పొద్దున అతను చంద్రి గొడ్డలి తీసుకుని, దేవ్యా వెంట అడవి అంచుకు వెళ్లాడు. భిక్షం సంఘం మీటింగ్ ఉందని ముందురోజే వెళ్లిపోయాడు. పోయేముందు చేను గట్టు మీద పడి ఉన్న కొమ్మ ఒకటి ఈడ్చుకొచ్చి, ఎవరూ చూడకుండా వరుసలో పెట్టి వెళ్లాడు. పచ్చిచెట్టు ముట్టుకోవద్దని దేవ్యా చెప్పాడు. గాలికి పడి ఎండిన నల్లమద్ది ఒకటి చూపించాడు. ప్రేమ్‌సింగ్ గొడ్డలి పట్టి ఎన్నేళ్లయిందో. మొదటి దెబ్బలకు గొడ్డలి జారి పక్కకు పోయింది. దేవ్యా తీసుకుంటానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకటి పగిలి పిడి తడిసింది. తెగిన మొద్దును భుజానికెత్తుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

తండాలోకి రాగానే అతనికి తట్టింది. తల్లి బతికే ఉంది, గుమ్మంలో కూచుని ఉంటుంది. ఆమె కళ్ల ముందు నుంచే ఇది మోసుకుపోవాలి. వెనక దారి లేదు. దించి వెళ్లిపోదామంటే పక్కన దేవ్యా ఉన్నాడు.

తుల్సీబాయి గుమ్మానికి ఆనుకుని కూచుని ఉంది. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"గది మనింటిదా?"

"అవ్ యాడీ."

"మద్దా?"

"మద్దే."

"మంచిగ మండుతది," అంది. "దించు, భుజం నొస్తది."

అతను మొద్దును వరుస చివర, భిక్షం కొమ్మ పక్కన పెట్టాడు. చేతులు వెనక దాచుకుని వచ్చి ఆమె ముందు నేల మీద కూచున్నాడు. ఆమె చేతులు ముందుకు లాగి, బొబ్బలు తడిమి, పెదవుల మధ్య గాలి పెట్టి ఊదింది. ఊదడానికి ఆమెకు ఊపిరి చాలడం లేదు. అయినా ఊదింది.

"యాడీ," అన్నాడు ప్రేమ్‌సింగ్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "నిన్ను దవాఖాన నుంచి..."

"ఆ డ్రైవర్ పిలగాడు ఎంతసేపు అడిగిండురా!" ఆమె నవ్వింది. "ఉన్నదా, ఉన్నదా అని. నాకు నవ్వొచ్చింది. నవ్వితె ఊపిరి తప్పి పోతదేమోనని ఆపుకున్న."

అతను చేతులు వెనక్కి లాక్కోబోయాడు.

"విన్నవా యాడీ?"

"కిటికీ కిందనే గద. కండ్లు సరిగ కనబడవు గని చెవులు మంచిగనే ఉన్నయి." ఆమె చెబుతున్న తీరులో నిష్ఠూరం లేదు. పిల్లల కోసం దాచిపెట్టిన పండు తీసి చూపిస్తున్నట్టు ఉంది. "దారిల పోతె డబల్ అన్నడు గద. నీకెందుకు దండుగ అని గట్టిగ పట్టుకున్న. పట్టుకొనుడంటె ఎట్లనో తెల్సునా? ఒకటి ఇడుసుడు, ఇంకోటి దొరుకుతదా లేదా అని ఎదురుచూసుడు. ఇల్లు చేరినంక ఇడుద్దమనుకున్న. పాఖాల కాడ గాలి తాకింది. ఇగ ఊపిరి దానంతటదే ఆడింది."

ప్రేమ్‌సింగ్ ఏదో అనాలనుకున్నాడు. అట్లా కాదు, నిన్ను ఇంటికి తేవాలనే, అని. అది అబద్ధం కాదు. కానీ నిజం మొత్తం అది కాదు. ఆమెకు రెండూ తెలుసు.

"తెచ్చినవ్ గద బేటా," అంది, అతను పైకి అన్నట్టే. "ఎట్ల తెస్తె ఏంది? మిగిలిందా మరి?"

"మిగిలింది."

"మంచిది," అని ఆమె తృప్తిగా తల ఊపింది. ఒక పని సరిగ్గా చేసి, దాన్ని చూసేవాళ్లు దొరికినప్పటి తృప్తి. కొడుకు తల వంచుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి అతని తల మీద పడి, అక్కడే ఉండిపోయింది.

ఆ సాయంత్రం వాన తుంపర మొదలైంది. చంద్రి గిన్నెలు కడిగి, లోపల చాప పరుచుకుని పడుకుంది. ప్రేమ్‌సింగ్ అరుగు మీద నులక మంచం వేసుకుని గొంగడి కప్పుకున్నాడు. పక్కనే కట్టెలు. పట్టా కప్పలేదు. కొత్తగా తెగిన మద్ది వాసన వస్తోంది. జేబులోని నాలుగున్నర వేలు పక్కకు తిరిగినప్పుడల్లా గుచ్చుకుంటున్నాయి. తీసి తల కింద పెట్టుకున్నాడు. అక్కడా గుచ్చుకున్నాయి.

లోపల అలికిడి అయింది. గోడ పట్టుకుని, ఆగి, మళ్లీ గోడ పట్టుకుని ఎవరో వస్తున్నారు. అతను లేచి పట్టుకోవలసింది. తల్లి ముఖం మళ్లీ చూడలేక కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు ఊపిరి ఒక్క తీరుగా వదలసాగాడు.

తుల్సీబాయి గుమ్మంలో కాసేపు నిలబడింది. వంగి, తుంపరలో తడుస్తున్న అతని చెప్పులు చేత్తో వెతికి, లోపలికి జరిపింది. మంచం దాకా వచ్చి వింటున్నట్టు ఆగింది. అతని ఊపిరి వింటోంది. లేచింది, పడింది, మళ్లీ లేచింది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి, కిర్రుమనకుండా తలుపును కొద్దిగా పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేసింది.